వేరు ట్యాంకులో పెరిగితే రైతు మాటేమిటి?

(సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

విత్తనాలు, ఎరువులు, అప్పులు, గిట్టుబాటు ధర. వీటి గురించి మన తరగతుల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి వేరు గురించి మాట్లాడుకుందాం. మట్టి లేకుండా, ఆకు లేకుండా, ఎండ తగలకుండా ట్యాంకులో పెరిగే వేరు గురించి.

మనలో అశ్వగంధ వేసిన రైతులున్నారు, వేద్దామా అని ఆలోచిస్తున్న వాళ్లూ ఉన్నారు. "ల్యాబుల్లోనే వేళ్లు పెంచేస్తున్నారట, ఇక మన పంట ఎవరు కొంటారు?" అని సభ్యులు కొందరు అడుగుతున్నారు. ఇంకోవైపు "ఔషధ మొక్కలు వేయండి, లక్షలు వస్తాయి" అని ఊళ్లలోకి వచ్చి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటల్లోనూ ఎంత నిజముందో తేల్చుకోవాలంటే ముందు ఆ సాంకేతికం ఏమిటో మనకు తెలియాలి. తెలియని దాన్ని చూసి భయపడినా, నమ్మి మోసపోయినా నష్టం మనకే.

జుట్టువేళ్లు అంటే ఏమిటి?

మన మట్టిలో ఉండే లెక్కలేనన్ని బాక్టీరియాల్లో ఆగ్రోబాక్టీరియం రైజోజీన్స్ ఒకటి. మొక్కకు గాయమైన చోట ఇది చేరుతుంది. తనలోని కొన్ని జన్యువులను మొక్క కణంలోకి పంపి, మొక్క జన్యువులతో కలిపేస్తుంది. కొద్ది రోజుల్లో ఆ గాయం దగ్గర సన్నటి వేళ్లు జుట్టులా గుబురుగా పుట్టుకొస్తాయి. అందుకే వీటిని హెయిరీ రూట్స్ అన్నారు, మనం జుట్టువేళ్లు అనుకుందాం. రైతుకు ఇది తెగులు, బాక్టీరియాకు మాత్రం తిండి. ఆ వేళ్లు ఓపైన్లు అనే పదార్థాలను తయారుచేస్తాయి, వాటిని తిని బాక్టీరియా బతుకుతుంది. మొక్కకు తన విత్తనమిచ్చి తనకు కావలసిన పంట పండించుకుంటుందన్న మాట. కంపెనీల కంటే ముందే కాంట్రాక్టు సేద్యం నేర్చిన జీవి ఇది.

బాక్టీరియా జన్యువులు నిజంగానే మొక్క జన్యువుల్లో చేరుతున్నాయని పరిశోధకులు 1982లో నిరూపించారు. ప్రకృతిలో ఇది కొత్తేమీ కాదు. మనం తినే చిలగడదుంపనే తీసుకోండి. 2015లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 291 సాగు రకాల చిలగడదుంపలను పరీక్షిస్తే అన్నింటిలోనూ ఆగ్రోబాక్టీరియం జన్యువుల ముక్కలు దొరికాయి. ఏ ల్యాబూ పెట్టినవి కావు, వేల ఏళ్ల క్రితం మట్టిలోనే చేరినవి. కాబట్టి జన్యువు మారిందన్న ఒక్క మాటకే బెదిరిపోవాల్సిన పని లేదు. అలాగని ప్రకృతిలో జరిగిన పనీ, కంపెనీ తన లాభం కోసం చేసే పనీ ఒకటే అని సరిపెట్టుకోవాల్సిన పనీ లేదు. జన్యువు ఎలా మారిందన్నదే కాదు, మారిన తర్వాత అది ఎవరి చేతిలో ఉందన్నదీ మనం అడగాలి.

ల్యాబులో చేసే పని ఇది. శుభ్రం చేసిన ఆకు ముక్కనో, లేత కాండాన్నో తీసుకుని గాటు పెడతారు. అక్కడ ఈ బాక్టీరియాను తాకిస్తారు. రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. వాటిని కత్తిరించి, యాంటీబయాటిక్‌తో బాక్టీరియాను చంపేసి, పంచదార, లవణాలు కలిపిన నీళ్లలో వేస్తారు. మామూలు వేరును మొక్క నుంచి కోసి నీళ్లలో వేస్తే ఎంతోకాలం పెరగదు, హార్మోన్లు ఇవ్వాలి. జుట్టువేరుకు ఆ అవసరం లేదు. బాక్టీరియా ఇచ్చిన రోల్ జన్యువుల బలంతో తనంతట తానే కొమ్మలు వేస్తూ చీకట్లోనే పెరిగిపోతుంది. ఏళ్ల తరబడి తన గుణం పెద్దగా మార్చుకోదు. ఆ మొక్క వేరులో సహజంగా ఉండే మందు పదార్థాన్ని ఇది కూడా తయారుచేస్తుంది, ఒక్కోసారి ఎక్కువగానే చేస్తుంది. అశ్వగంధ, సర్పగంధ, ఉమ్మెత్త, సుగంధిపాల, జిన్‌సెంగ్ వంటి ఎన్నో మొక్కల మీద ఈ ప్రయోగాలు జరిగాయి.

ట్యాంకు వేరు చేయలేని పనులు

ఇంత సులువైతే మందుల కంపెనీలన్నీ పొలాలను వదిలేసి ట్యాంకులే పెట్టుకునేవి కదా? పెట్టుకోలేదు. దానికి కారణాలున్నాయి.

మొదటిది, వేరు వేరు పనే చేస్తుంది. బిళ్ళగన్నేరు ఇందుకు మంచి ఉదాహరణ. దాని ఆకుల్లో క్యాన్సర్‌కు వాడే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ఉంటాయి. అవి ఎంత తక్కువ ఉంటాయంటే ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. ఇంత విలువైన మందును ట్యాంకులో తీద్దామని శాస్త్రవేత్తలు ఎంతో ప్రయత్నించారు. కానీ ఆ మందుకు కావలసిన విండోలిన్ అనే ముడిపదార్థం పచ్చటి ఆకులోనే తయారవుతుంది. బిళ్ళగన్నేరు జుట్టువేళ్లు అజ్మలిసిన్ లాంటి వేరు పదార్థాలను ఇస్తాయి, ఆకులోని మందును ఇవ్వవు. అంటే ఆకు కోసం, పువ్వు కోసం, కాయ కోసం వేసే ఔషధ పంటలకు ఈ ట్యాంకుల నుంచి పోటీ తక్కువ.

రెండోది, ఈ వేళ్లు చాపలా అల్లుకుపోతాయి. మధ్యలో ఉన్న వేళ్లకు గాలి అందదు. గాలి కోసం ట్యాంకులో కవ్వం లాంటిది తిప్పితే వేళ్లు తెగిపోతాయి. నీటిని పొగమంచులా చల్లే ట్యాంకులు తయారుచేశారు గానీ, వాటి ఖర్చు ఎక్కువ. పైగా ఒక్క బూజు కణం లోపలికి పోయినా ట్యాంకు మొత్తం పారబోయాల్సిందే.

మూడోది, తిండి ఖర్చు. మన పొలంలో వేరుకు ఆకు అన్నం వండి పెడుతుంది, పొయ్యి వెలిగించేది సూర్యుడు. ట్యాంకులో ఆకూ లేదు, ఎండా లేదు. అక్కడ వేరు తినేది పంచదార. మామూలుగా లీటరు నీటికి 30 గ్రాముల పంచదార వేస్తారు. లీటరుకు సుమారు 10 గ్రాముల ఎండు వేరు వస్తే మంచి దిగుబడే. ఇప్పుడు మన లెక్క వేసుకుందాం. వర్షాధారంగా అశ్వగంధ వేస్తే ఎకరాకు రెండు క్వింటాళ్ల ఎండు వేరు వచ్చిందనుకుందాం. అంత వేరు ట్యాంకులో తీయాలంటే 20,000 లీటర్ల ట్యాంకు కావాలి, ఆరు క్వింటాళ్ల పంచదార కావాలి. ఆ పంచదార కూడా ఎక్కడో ఒక చెరకు రైతు పొలం నుంచి రావలసిందే. కరెంటు, యంత్రాలు, శిక్షణ పొందిన మనుషుల జీతాలు వీటికి అదనం.

కాబట్టి బరువు లెక్కన ట్యాంకు మన పొలంతో పోటీ పడలేదు. చూర్ణానికి, లేహ్యానికి, కషాయానికి మొత్తం వేరే కావాలి. అశ్వగంధ మార్కెట్‌లో ఆయుర్వేదానికి పోయే ఎండు వేరు విషయంలో "రేపే ట్యాంకు వచ్చి మన పంటను మింగేస్తుంది" అన్న భయం అక్కర్లేదు.

మరి ప్రమాదం ఎక్కడుంది?

వేరు మొత్తం అక్కర్లేకుండా అందులోని ఒక్క పదార్థం మాత్రమే కొనేవాళ్ల దగ్గర ప్రమాదముంది. కంపెనీకి కావలసింది విథనోలైడ్లు మాత్రమే అనుకోండి. అప్పుడు అది వేరును కిలోల్లో చూడదు, శాతాల్లో చూస్తుంది. ట్యాంకు వేరుకు అక్కడ కొన్ని అనుకూలాలున్నాయి. ఏడాది పొడవునా వస్తుంది. వానతో, తెగులుతో పని లేదు. పురుగుమందు అవశేషాలు ఉండవు. ప్రతిసారీ ఒకే నాణ్యత. పదార్థం ఎంత ఖరీదైనదైతే, ట్యాంకు ఖర్చు అంత తేలిగ్గా గిట్టుబాటవుతుంది.

ఇలాంటి మార్పు మన నేలకు కొత్త కాదు. మచిలీపట్నం కలంకారీకి ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చేదో మనలో చాలామందికి తెలియదు. కోస్తా ఇసుక నేలల్లో దొరికే చిరువేరు నుంచి వచ్చేది. ఆ వేరులోని రంగు పదార్థం పేరు అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు బొగ్గుతారు నుంచి అలిజరిన్ తయారుచేశారు. కొద్ది ఏళ్లలోనే ఫ్యాక్టరీ రంగు ప్రపంచమంతా పరుచుకుంది. చిరువేరు తవ్వేవాళ్ల పని పోయింది. 1897లో అదే దేశం నుంచి ఫ్యాక్టరీ నీలిమందు వచ్చింది. కడప, నెల్లూరు ప్రాంతాల్లో కూడా విరివిగా పండిన నీలిమందు సాగు రెండు దశాబ్దాల లోపే కుప్పకూలింది.

నీలిమందు సాగులో రైతుకు ఒరిగిందేమీ లేదని మనకు తెలుసు, తెల్లదొరల దౌర్జన్యమూ తెలుసు. ఆ సాగు పోయిందని మనం బాధపడనక్కర్లేదు. గుర్తు పెట్టుకోవలసింది వేరే ఉంది. వేరు తవ్వే మనిషికి ఎవరూ ముందుగా కబురు చెప్పలేదు. మారడానికి గడువు ఇవ్వలేదు. వేరు గుణాన్ని తరతరాలుగా కనిపెట్టి కాపాడిన వాళ్లకు కొత్త లాభంలో దమ్మిడీ రాలేదు.

రైతు గెలిచినా ఓడిన కథ

ఇటీవలి కథ ఒకటి చెప్పుకుందాం. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ అనే మందు ఆర్టెమిసియా ఆన్యువా అనే మొక్క ఆకుల నుంచి వస్తుంది. దీన్ని కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యూయూకి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. చైనా, వియత్నాం, తూర్పు ఆఫ్రికా దేశాల్లో చిన్న రైతులు ఈ పంట పండిస్తారు. దీని ధర ఒక ఏడు కొండెక్కుతుంది, ఇంకో ఏడు గోతిలో పడుతుంది. 2005 ప్రాంతంలో కిలో వెయ్యి డాలర్లు దాటింది, రెండేళ్లలో 200 డాలర్లకు దిగింది. ధర చూసి అందరూ వేయడం, అందరూ వేశాక ధర పడిపోవడం. మన మిర్చి, ఉల్లి, టమాటా కథే.

ఈ ఒడిదుడుకులను తప్పించాలని అమెరికాలో శాస్త్రవేత్తలు ఈస్ట్‌లో జన్యువులు మార్చి, ఆర్టెమిసినిన్‌కు ముడిసరుకు తయారుచేయించారు. 2013లో సనోఫీ కంపెనీ ఇటలీలో ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇక రైతుల పని అయిపోయినట్టేనని చాలామంది అనుకున్నారు. తీరా జరిగింది వేరు. ఫ్యాక్టరీ సరుకు కిలో 350 నుంచి 400 డాలర్లు పడింది. రైతు సరుకు 250 డాలర్ల లోపే దొరికింది. 2015లో ఆ ఫ్యాక్టరీలో ఒక్క కిలో కూడా తయారు కాలేదు. 2016లో కంపెనీ ఆ ప్లాంటును అమ్మకానికి పెట్టింది.

రైతు గెలిచాడని చప్పట్లు కొడదామా? ఆ 250 డాలర్లలో మొక్క పెంచిన రైతుకు దక్కింది ఎంత? ఫ్యాక్టరీని ఓడించింది రైతు చెమట చవకగా దొరకడం. ట్యాంకు గెలిస్తే మన పంట పోతుంది, ఓడిపోతే మన కష్టం ఇంకా చవక అవుతుంది. ఈ రెండూ కాని మూడో దారి మనం వెతుక్కోవాలి. "సాంకేతికం వద్దు" అన్న నినాదంతో ఆ దారి దొరకదు.

ఈ సాంకేతికం అవసరమైన చోటు

నిజానికి కొన్ని చోట్ల ఇది మనకే మేలు చేస్తుంది. సర్పగంధ వేరులో రక్తపోటుకు పనిచేసే రిసర్పిన్ ఉందని 1952లో తేలింది. ఆ తర్వాత ప్రపంచమంతా మన అడవుల మీద పడింది. వేరు కోసం మొక్కను పెకలిస్తే మళ్లీ మొలవడానికి ఏమీ మిగలదు. చివరికి సర్పగంధను అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షల జాబితాలో చేర్చాల్సి వచ్చింది.

మన నల్లమల, శేషాచలం అడవుల్లోని నన్నారి వేరుదీ అదే బాధ. రాయలసీమలో వేసవి వచ్చిందంటే నన్నారి షర్బత్ తాగని ఊరు లేదు. ఆ సువాసననిచ్చే పదార్థం వెనిలిన్‌కు దగ్గరి బంధువు. ఆ వేరు తవ్వి తెచ్చేది చెంచులు, ఇతర అడవి బిడ్డలు. డిమాండు పెరిగేకొద్దీ తవ్వకం పెరిగింది, మొక్క అంతరించే దశకు చేరింది. పొలంలో సాగుకు అనువైన నారు పెంచడం, మందు పదార్థం వరకు ల్యాబు వేరుతో సరిపెట్టడం, అడవిలో మిగిలినదాన్ని బతకనివ్వడం. ఈ మూడూ కలిసి జరగాలి. అయితే అడవి వేరుకు బదులు ట్యాంకు వేరు వచ్చిన రోజున చెంచు కుటుంబం పస్తుండకూడదు. మొక్కను కాపాడే పథకంలో మనిషిని కాపాడే పద్దు కూడా ఉండాలి.

వేరు ఎవరిది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ట్యాంకు వేరు మొదలుపెట్టడానికి ఒక్క ఆకు ముక్క చాలు. ఒకసారి మంచి వేరు దొరికితే ఇక మన పొలంతో పని లేదు, దాన్నే ఏళ్ల తరబడి పెంచుకుంటారు. ఆ ఆకు ముక్క ఏ ఊరి రకానిది? దాన్ని ఎవరు ఎంచి, విత్తనం కట్టి, నిలబెట్టారు?

ఈ ప్రశ్నకు జవాబుగానే 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. స్థానిక జీవవనరులతో వ్యాపారం చేసేవాళ్లు లాభంలో వాటా పంచాలని అది చెప్పింది. ఈ బాధ్యత విదేశీ కంపెనీలకే కాదు, స్వదేశీ కంపెనీలకూ ఉందని 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. కానీ 2023లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. సాగుచేసిన ఔషధ మొక్కలకు, గ్రంథాల్లో నమోదైన సంప్రదాయ జ్ఞానానికి మినహాయింపులు ఇచ్చింది. జైలు శిక్షలు తీసేసి జరిమానాలు పెట్టింది. సాగు మొక్కలకు మినహాయింపు రైతుకు కొంత సులువే, అనుమతుల తిరుగుడు తప్పుతుంది. కానీ అదే మినహాయింపు చాటున పెద్ద కంపెనీ కూడా వాటా ఎగ్గొట్టకుండా చూసేదెవరు?

వాటా పంచడం అసాధ్యమని ఎవరైనా అంటే కేరళలోని కాణి గిరిజనులను చూపిద్దాం. వాళ్లకు తెలిసిన ఆరోగ్యపచ్చ అనే మొక్క నుంచి తిరువనంతపురంలోని ప్రభుత్వ వృక్ష పరిశోధనా సంస్థ జీవని అనే మందు తయారుచేసింది. దాన్ని ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయల ఫీజుకు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీకి ఇచ్చింది. వచ్చినదాంట్లో సగం కాణి గిరిజనుల ట్రస్టుకు చేరింది. ఆ ఏర్పాటులోనూ లోపాలున్నాయి, అన్నీ సవ్యంగా సాగలేదు. అయినా పరిశోధన ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటే, ఆ సంస్థకు మనసుంటే, వాటా పంచవచ్చని అది చూపించింది.

మనం చేయవలసినవి

మొదటి పని మన ఊళ్లోనే ఉంది. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలాచోట్ల కమిటీ కాగితం మీదే ఉంటుంది. ఈ నెలలో ప్రతి గ్రామ శాఖ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టరు చూపించమని అడగాలి. మన చేలల్లో, గట్లమీద, గుట్టల్లో ఉన్న ఔషధ మొక్కల పేర్లు, వాటిని వాడే పద్ధతులు అందులో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే రాయించాలి. రేపు వాటా అడిగే రోజు వస్తే ఆ రిజిస్టరే మన పట్టా పుస్తకం.

రెండోది, ఒప్పందాల విషయం. సఫేద్ ముస్లీ, కోలియస్, కలబంద పేర్లతో "బై బ్యాక్" అని చెప్పి ఖరీదైన నారు అంటగట్టి, పంట చేతికొచ్చేసరికి ఫోను ఎత్తకుండా పోయిన వాళ్లను మనం చూశాం. నారు అమ్మేవాడే పంట కొంటానంటే, అతని వ్యాపారం నారు అమ్మడమేనని అనుమానించాలి. రాతపూర్వక ఒప్పందం, కనీస ధర, కొనకపోతే పరిహారం. ఈ మూడూ లేకుండా ఏ ఔషధ పంటా వేయవద్దు. ఒక్క పదార్థం కోసమే కొంటామనే కంపెనీ అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ పదార్థమే ట్యాంకుకు మొదట పోయేది.

మూడోది, శాతానికి ధర. పాలకు వెన్న శాతం చూసి ధర కడుతున్నారు కదా. వేరులో మందు శాతం ఎక్కువుంటే రైతుకు ధర ఎందుకు పెరగకూడదు? మన వేరులో ఏముందో వ్యాపారికి తెలుసు, మనకు తెలియదు. మార్కెట్ యార్డు దగ్గర ప్రభుత్వ పరీక్షా కేంద్రం కావాలని అడుగుదాం. కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో కేంద్రం ఉంది. అలాంటి సంస్థలు మంచి రకాల విత్తనంతో పాటు ఈ సేవను కూడా జిల్లాల్లోకి తేవాలి.

నాలుగోది, ప్రజల డబ్బుతో ల్యాబుల్లో తయారైన జుట్టువేళ్లు ప్రజల ఆస్తిగానే ఉండాలి. వాటిని కంపెనీకి లైసెన్సు ఇస్తే, మూల మొక్కను ఇచ్చిన ప్రాంత రైతులకు, గిరిజనులకు వాటా ఉండాలని ఆ ఒప్పందంలోనే రాయాలి. జన్యుమార్పిడి జరిగిన వేరు నుంచి తిరిగి మొక్కను పెంచి పొలంలో వదలాలంటే 1989 నిబంధనల ప్రకారం పూర్తి పరీక్షలు, అనుమతులు జరగాల్సిందే. అందులో సడలింపు ఉండకూడదు.

ఐదోది, సీసా మీద నిజం రాయాలి. ఈ సారం పొలంలో పండిన వేరుదా, ట్యాంకులో పెరిగిన వేరుదా అన్నది కొనేవాళ్లకు తెలియాలి. ఫ్యాక్టరీ వెనిలిన్ ఎంత చవకైనా అసలు వెనిలా కాయకు ఇంకా గిరాకీ ఉంది, ఎందుకంటే రెంటికీ తేడా ఉందని కొనేవాళ్లకు తెలుసు. పేరు దాస్తే మాత్రం మన వేరు ధర ట్యాంకు ధరకు కట్టుబడిపోతుంది.

మిత్రులారా, శాస్త్రవేత్తలు మనకు శత్రువులు కారు. వేరు లోపల ఏముందో వాళ్లు చెప్పకపోతే మన పంట విలువ మనకే తెలిసేది కాదు. వాళ్ల పని ఎవరి జేబులోకి పోతుందో అడిగే హక్కు మాత్రం మనకుంది. చిరువేరు తవ్విన వాళ్లకు సంఘం లేదు, అడగడానికి వేదిక లేదు. మనకు రెండూ ఉన్నాయి. పంచాయతీ రిజిస్టరుతో మొదలుపెడదాం. ప్రతి గ్రామ శాఖ తాను చూసిందీ, రాయించిందీ వచ్చే నెల సమావేశానికి కాగితం మీద తేవాలని కోరుతున్నాం.